రెడ్ కార్డు పడితే ఏం చేయాలి

గాజువాక నుంచీ మద్దిలపాలెం నుంచీ నా దగ్గరికి ఎయిర్ పిస్టల్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి, గురి కుదరకముందే ఇది చెప్తాను. ‘స్టాప్’ అన్నాక అనుమతి లేకుండా పేల్చినా, లోడ్ చేసిన గన్‌ని ప్రమాదకరంగా పట్టుకున్నా అధికారి రెడ్ కార్డు చూపించి డిస్‌క్వాలిఫై చేయొచ్చు, అంటే పోటీ నుంచి తీసేయొచ్చు.

ఆ క్షణంలో వాదనకి దిగొద్దు. వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసెయ్. గొట్టం టార్గెట్ వైపే ఉండాలి. అధికారి చెప్పినట్టు అన్‌లోడ్ చేసి, గన్ ఖాళీ అని చూపించే సేఫ్టీ ఫ్లాగ్ దూర్చు. ఎయిర్ గన్‌కైతే ఆ నారింజ తీగ గొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా రావాలి. ఆయన చూశాకే గన్ పెట్టెలో పెట్టు. టెన్షన్‌లో చేతులు వణుకుతాయి, అందుకే ఒక్కో పనీ నిదానంగా.

పక్క లేన్‌లో పోటీ ఇంకా నడుస్తోంది. నువ్వు పెట్టె మూత టప్పున వేస్తే ఆ పిల్ల గురి చెదురుతుంది, ఆమె ఏం పాపం చేసింది? “సరే సార్” అని బయటికి నడువు. నిర్ణయం తప్పనిపిస్తే కోచ్‌తో మాట్లాడి జ్యూరీకి రాసివ్వొచ్చు.

అమ్మానాన్నలూ, దయచేసి ఆఫీసర్ మీదకి వెళ్లకండి. బిడ్డకి మంచినీళ్లివ్వండి, స్కోరు ఊసెత్తకండి. బహుమతులు ఇచ్చేదాకా ఉండి, గెలిచినవాళ్లకి చేయి కలపనివ్వండి. తర్వాతి ప్రాక్టీస్‌లో ఖాళీ గన్‌తో ‘స్టాప్’ దగ్గర నుంచి నేను మళ్లీ మొదలుపెట్టిస్తాను.