సరుకుల చీటీతో మొదలుపెట్టండి: బీపీ, షుగర్ దరిచేరకుండా ఇంట్లో చేసుకోవాల్సిన పనులు

నెల మొదట్లో కిరాణా కొట్టుకు రాసిచ్చే సరుకుల చీటీని పారేయకండి. రక్తపరీక్షలో తేలే సంగతి చాలావరకు అంతకుముందే ఆ చీటీలో రాసి ఉంటుంది. కర్నూలు, అనంతపురం, కడప వైపు నలుగురుండే ఇంటి చీటీ ఇంచుమించు ఇలా ఉంటుంది: సోనామసూరి బియ్యం పాతిక కిలోల మూట, కందిబ్యాళ్లు రెండు కిలోలు, నూనె ఐదు ప్యాకెట్లు, చక్కెర మూడు కిలోలు, ఉప్పు ఒక ప్యాకెట్. ఇందులో అసలు తేడా మొదటి రెండింటి మధ్య ఉంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు పని చేసుకునే ఒక మనిషికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, ఆకుకూరలూ కూరగాయలూ కలిపి 400 గ్రాములు, నూనె 27 గ్రాములు. నలుగురికి నెలకు లెక్కేస్తే ధాన్యం 30 కిలోలు, పప్పులు 10 కిలోలు. బియ్యం మూట దాదాపు సరిపోయింది గానీ, పది కిలోలు రావాల్సిన బ్యాళ్లు రెండే వచ్చాయి. ఆకలి తీరాలి కదా, ఆ లోటునంతా అన్నమే పూడుస్తుంది. రొట్టెలకు జొన్నలు, సంగటికి రాగులు, ఉగ్గానికి బొరుగులు ఇవన్నీ పైన. పొట్ట పెరిగేదీ, షుగర్ గీత దాటేదీ ఇక్కడే. ఎండలో పొద్దంతా పొలం పని చేసేవాళ్లకు ధాన్యం ఇంకా కావాలి, వాళ్లకు ఈ కొలత పెట్టకండి. దుకాణంలో, ఆఫీసులో, కుట్టుమిషన్ దగ్గర కూర్చునేవాళ్లకు మాత్రం ఇది అక్షరాలా వర్తిస్తుంది.

పప్పులు పెంచమంటే రోజూ కందిపప్పే వండమని కాదు, దాని ధర అందరికీ తెలిసిందే. ఉలవలు, అలసందలు, పెసలు, శనగలు, కాలానికి అనపగింజలు అన్నీ ఈ లెక్కలోవే. గుడ్లు, చేపలు, మాంసం తినే ఇళ్లలో ఆ మేరకు తగ్గించుకోవచ్చు. సులువైన దారి సాయంత్రం గుగ్గిళ్లు. మనిషికి ఒక గుప్పెడు, అంటే ఎండు గింజలు 30 గ్రాముల దాకా, పొద్దున నానేసి సాయంత్రం ఉడికించాలి. నానేసిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికిస్తే కడుపుబ్బరం తగ్గుతుంది. మొదటి వారం వారానికి మూడు రోజులు చాలు. ఒకేసారి రోజూ మొదలుపెడితే గ్యాస్ పట్టి నాలుగో రోజే మానేస్తారు. ఇంకో మాట: చారును పప్పు కింద లెక్కెయ్యకండి. పైన తేరిన చారు గ్లాసుడు తాగితే పొట్టలోకి పోయేది చింతపండు నీళ్లే, అడుగున ఉన్న పప్పు గిన్నెలోనే ఉండిపోతుంది.

సంగటి మీద కాస్త వివరంగా

రాగి సంగటి తింటే షుగర్ రాదన్న నమ్మకం మన వైపు బలంగా ఉంది. రాగులు మంచివే. వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యం కంటే పీచూ ఎక్కువ. కానీ చాలా ఇళ్లలో ఇప్పుడు సంగటికి రెండు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు పిండి పోస్తున్నారు. అది రంగేసిన అన్నం ముద్ద. పైగా మెత్తగా ఆడించి, జల్లించిన పిండి త్వరగా అరిగి రక్తంలో చక్కెరను గబుక్కున పెంచుతుంది. సంగటిని నమలం, నంజుకుని మింగేస్తాం. కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోపు రెండో ముద్ద కూడా అయిపోతుంది.

నలుగురికి ఇలా చేసుకోండి. నూక గానీ బియ్యం గానీ అర గ్లాసు తీసుకుని అరగంట నానబెట్టాలి. బియ్యానికి బదులు కొర్ర నూక వేస్తే ఇంకా మేలు. నాలుగు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికాక అందులోంచి ఒక చిన్న గిన్నెడు గంజి తీసి పక్కన పెట్టుకోండి. గ్లాసున్నర రాగి పిండిని మధ్యలో కుప్పగా పోయండి, కలపకండి. తెడ్డు కాడతో నడిమిన ఒక రంధ్రం చేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద ఎనిమిది పది నిమిషాలు ఉంచండి. ఆవిరి ఆ రంధ్రంలోంచి పైకి తన్నుతూ పిండిని ఉడికిస్తుంది. దించాక తెడ్డుతో గట్టిగా ఎనపాలి. గట్టిపడితే తీసిపెట్టిన గంజి కొంచెం కొంచెంగా పోయండి. పిండి పోయగానే కలిపేస్తే ఉండలు కట్టి లోపల పొడి పిండి మిగులుతుంది, పచ్చివాసన కొడుతుంది, తిన్నాక కడుపులో నొప్పీ వస్తుంది. పిండిని మరలో బరకగా ఆడించమని చెప్పండి, జల్లించకండి. ఉప్పు వెయ్యొద్దు, నంజుకునేదాంట్లో ఎలాగూ ఉంటుంది.

ముద్ద సైజు మీ పిడికిలంత, పూటకు ఒకటి. పక్కన ఉత్త ఊరిబిండి ఒక్కటే కాకుండా గట్టి పప్పు గానీ, పుల్లగూర గానీ పళ్లెంలో సగం ఉండాలి. ముందు కూర నాలుగు ముద్దలు తిని, ఆ తర్వాత సంగటి మీద చెయ్యి వేస్తే చక్కెర పెరుగుదల నెమ్మదిస్తుంది.

ఉగ్గాని సంగతీ అంతే. బొరుగులు తేలిగ్గా కనపడతాయి గానీ త్వరగా అరిగిపోయి పది గంటలకల్లా మళ్లీ ఆకలేస్తుంది. వేయించేటప్పుడు ఉప్పు నీళ్లు పట్టించి ఉంటారు గనక ఉప్పూ తక్కువేం కాదు. ఎర్రగడ్డలు, టమాటాలు, క్యారెట్ బాగా వేసి, పుట్నాల పొడి, నాలుగు వేయించిన బుడ్డలు (వేరుశనగలు) చల్లుకుంటే అది టిఫిన్ అవుతుంది. మిరక్కాయ బజ్జీలు ఆదివారానికి ఉంచుకోండి. మానేయమంటే ఎవరూ వినరు.

ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా. నలుగురికి నెలకు 600 గ్రాములు. కొత్త ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీదే పెన్నుతో తేదీ రాయండి. కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. 30 రోజులకే అయిపోయిందంటే పచ్చళ్లను కలపకముందే హద్దు దాటారు. మాగాయకూ ఆవకాయకూ వేసవిలో పోసిన రాళ్లుప్పు, వడియాల ఉప్పు, బయటి నుంచి తెచ్చిన మిక్చర్, అప్పడాలు ఇవన్నీ దీనికి అదనం.

తగ్గించడం వారంలో జరగదు. నాలుక కొత్త రుచికి అలవాటు పడటానికి నెల పైనే పడుతుంది. మొదటి పది రోజులు అన్నం, సంగటి, రొట్టె పిండి, మజ్జిగలో ఉప్పు ఆపండి. తర్వాత కూరలో వేసే ఉప్పును నాలుగో వంతు తగ్గించండి. పులుపు మనకు కలిసొచ్చే వస్తువు. పుంటికూర, చింతకాయ, నిమ్మకాయ ఉంటే ఉప్పు తగ్గినట్టు తెలియదు. కారం ఎక్కువేస్తే మాత్రం దానికి సరిపడా ఉప్పు అడుగుతుంది, కాబట్టి ఎర్రకారం దోసె తినే రోజు మిగతా పూటల్లో చూసుకోండి. సైంధవ లవణం కూడా ఉప్పే, బీపీకి మినహాయింపేం లేదు, పైగా అందులో అయొడిన్ కలిపి ఉండకపోవచ్చు. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

నూనె, నెయ్యి కలిపి నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు పై హద్దు. గానుగ నూనెకూ అదే కొలత. బజ్జీలు కాల్చిన నూనె నల్లబడినా, జిగటగా నురగ కట్టినా పారబోయండి, అందులో కొత్త నూనె కలపకండి. చక్కెర, బెల్లం కలిపి రెండు కిలోలకు దించండి. బెల్లం షుగర్‌ను పెంచదనుకోవడం పొరపాటు. 300 మిల్లీలీటర్ల తీపి కూల్‌డ్రింకులో ఇంచుమించు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అది ఈ చీటీలో కనపడదు.

నడక

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఏడు లోపే ముగించండి. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనైనా, ఊళ్లో చెరువుకట్ట మీదైనా ఏడున్నరకే ఎండ చురుక్కుమంటుంది. ఒకేసారి అరగంట కుదరకపోతే అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాల చొప్పున నడవండి. షుగర్ హద్దులో ఉండటానికి ఈ పద్ధతి ఇంకా బాగా పనికొస్తుంది. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం చేస్తే కండ కరగదు.

నీళ్లు, నొప్పి గోళీలు

మన ఎండలకు దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమే. పొలంలో ఉన్నప్పుడు ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగాలి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్లు చాలలేదని అర్థం. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పిన కొలత దాటకూడదు.

బోరు నీళ్లు తాగే ఊళ్లలో ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరి, అనంతపురం వైపు మరీను. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరక్కపోతే ఒకటిన్నర దాకా. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో పరీక్ష చేస్తారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పళ్ల మీద గోధుమ మచ్చలు, నడుమూ మోకాళ్లూ బిగుసుకుపోవడం దాని గుర్తులు. వంట నీళ్లు కూడా మార్చాలి. తాగడానికి క్యాను తెప్పించుకుని పప్పు బోరు నీళ్లతోనే ఉడికించే ఇళ్లు చాలా ఉన్నాయి.

బుడ్డలు పెరికే కాలంలో ఒళ్లు నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని రోజూ మింగేవాళ్లు కిడ్నీలను పణంగా పెడుతున్నారు. ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఈ గోళీలు కిడ్నీకి రక్తం అందనీయవు. బీపీ కూడా పెంచుతాయి. ఒకటి రెండు రోజులు మించి అవసరమైతే డాక్టర్ దగ్గరికి పోవాలి.

ఖైనీ, గుట్కా, బీడీల సంగతి అందరికీ తెలుసు. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే నోటి క్యాన్సర్‌కు చాలునన్నది అందరికీ తెలియదు. మానాలనుకుంటే 1800 112 356 నంబర్‌కు ఉచితంగా ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.

కొలిచేటప్పుడు జరిగే తప్పులు

ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ సబ్‌సెంటర్‌లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఏఎన్ఎంను గానీ ఆశాను గానీ అడగండి. ఇంట్లో టేపు ఉంటే బొడ్డు మీదుగా నడుము కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ఇంక వాయిదా వెయ్యకండి.

బీపీ చూసే ముందు అరగంట కాఫీ, టీ, బీడీ వద్దు. మూత్రానికి పోయి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆన్చి ఐదు నిమిషాలు ఊరకే కూర్చోండి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీదే, గుండె ఎత్తులో కట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కూడా చూపిస్తుంది. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసుకోండి. ఇంట్లో మళ్లీ మళ్లీ 135/85 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తుంటే డాక్టర్‌కు ఆ పుస్తకం చూపించాలి.

షుగర్‌కు ఎనిమిది గంటలు పరగడుపు. టీ కూడా తాగకూడదు. 100 లోపు మామూలు, 100 నుంచి 125 హెచ్చరిక, 126 గానీ ఆపైన గానీ వస్తే ల్యాబ్‌లో మళ్లీ చూసి నిర్ధారిస్తారు. ఇంటి మిషన్‌తో చూసేటప్పుడు చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వండి. మామిడిపండు తిన్న వేలితో గుచ్చుకుంటే రెండొందలు చూపించి గుండె గుభేలుమనిపిస్తుంది. స్ట్రిప్పులు 30 డిగ్రీలు మించని చోట, మూత బిగించి ఉంచాలి. మన వేసవిలో రేకుల ఇంట్లో అలమర మీద పెట్టిన డబ్బా నమ్మదగ్గది కాదు. ఫ్రిజ్‌లోనూ పెట్టకండి, చెమ్మకు పాడవుతాయి.

మందు మొదలెట్టాక బీపీ 120కి దిగిందని గోళీ ఆపేసేవాళ్లు వీధికొకరున్నారు. అది గోళీ వల్ల దిగింది, ఆపితే మళ్లీ ఎక్కుతుంది. తగ్గించాలో లేదో డాక్టర్ తేల్చాలి. ఈ లోపల ఎవరికైనా ఛాతీ బిగుసుకుపోయి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టకండి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, విపరీతమైన నీరసం మాత్రమే ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, మనిషిని నడిపించకండి, వాడుతున్న మందుల చీటీ వెంట పంపండి.