తిరిగి విడుదలవుతున్న సోల్‌-జాజ్, జాజ్‌-ఫంక్ ఆల్బమ్‌లను వెతికి పట్టుకోవడం ఎలా?

1960లలోనూ, 70ల తొలి ఏళ్లలోనూ బ్లూ నోట్, ప్రెస్టీజ్ వంటి అమెరికా కంపెనీలు తెచ్చిన సోల్‌-జాజ్ (బ్లూస్, చర్చి పాటల ఛాయలున్న జాజ్), జాజ్‌-ఫంక్ (ఫంక్ అనే నృత్య సంగీతపు లయతో కలిసిన జాజ్) రికార్డులు ఇప్పుడు కొత్త ముద్రణల్లో మళ్లీ వస్తున్నాయి. ‘తప్పక వినవలసినవి’ అనే జాబితాల వెంట పడితే అవే నాలుగు పేర్లు ఎదురవుతాయి కాబట్టి, వాద్యకారుల పేర్ల వెంట, ముఖ్యంగా డ్రమ్మర్ వెంట వెళ్లడం మేలు.

మొదట మీకు నచ్చిన ఒక ఆల్బమ్‌ను తీసుకుని, అందులో ఎవరెవరు వాయించారో చూడండి. శాక్సాఫోన్ విద్వాంసుడు లూ డొనాల్డ్‌సన్ 1967లో రికార్డు చేసిన ‘అలిగేటర్ బూగలూ’లో ఆర్గన్ లొనీ స్మిత్‌ది, గిటార్ జార్జ్ బెన్సన్‌ది, డ్రమ్స్ లియో మోరిస్‌వి. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన ఈ డ్రమ్మరే తరువాత ఇద్రీస్ ముహమ్మద్ అని పేరు మార్చుకున్నాడు. రెండు పేర్లతోనూ వెతకకపోతే అతని పనిలో చాలా భాగం మీ కంటపడదు. ఆ పేరు పట్టుకుని వెళితే చార్లెస్ ఎర్లండ్ ‘బ్లాక్ టాక్!’, రస్టీ బ్రయంట్ ‘సోల్ లిబరేషన్’, గ్రాంట్ గ్రీన్ ‘అలైవ్!’ వరుసగా దొరుకుతాయి. నా మటుకు నాకు, అట్టపై పెద్దగా కనిపించే బృంద నాయకుడి పేరు కన్నా డ్రమ్మర్ పేరే ఈ సంగీతంలో నమ్మదగిన గుర్తు.

తరువాత ఆ రికార్డుల హక్కులు నేడు ఎవరి చేతిలో ఉన్నాయో తెలుసుకోండి. ప్రెస్టీజ్ 1971లో ఫాంటసీకి, అక్కడినుంచి కాంకర్డ్‌కు చేరింది. ఆ సంస్థకు చెందిన క్రాఫ్ట్ రికార్డింగ్స్ ‘జాజ్ డిస్పెన్సరీ’ పేరుతో వీటిని విడుదల చేస్తోంది. బ్లూ నోట్‌కు 2019లో మొదలైన ‘టోన్ పోయెట్’ అనే పునర్ముద్రణల వరుస ఉంది. బ్రిటన్‌లో ఏస్ సంస్థకు చెందిన బీజీపీ లేబుల్‌నూ గమనిస్తూ ఉండండి.

కొనే ముందు, ఆ ముద్రణను ఏ టేపు నుంచి, ఎవరు మాస్టరింగ్ (ముద్రణకు ముందు ధ్వనిని చివరిసారి సరిచేసే పని) చేశారో చూడండి. టోన్ పోయెట్ రికార్డులను కెవిన్ గ్రే అసలు మాస్టర్ టేపుల నుంచి తయారుచేస్తాడు. 1963కు ముందు విడుదలైన రికార్డింగులకు యూరప్‌లో హక్కుల గడువు తీరిపోయింది కనుక, అసలు టేపు చేతిలో లేకుండానే వాటిని చట్టబద్ధంగా ముద్రించేవారు అక్కడ ఉన్నారు. మూలం గురించి అట్టపై ఒక్క మాటా లేకపోతే అనుమానించడమే మంచిది.

ఆల్బమ్‌ను మొదటి పాటతో తూచకుండా స్ట్రీమింగ్‌లో ఆసాంతం వినండి. ఒకటి రెండు గట్టి ఫంక్ బాణీలు పెట్టి, మిగతా చోటును అప్పటి పాప్ పాటలతో నింపిన రికార్డులు ఈ రకంలో తక్కువేమీ కాదు.

వినైల్ ఖరీదు భారమనిపిస్తే పాత సీడీలను వెతకండి. 1990లలో ప్రెస్టీజ్ ‘లెజెండ్స్ ఆఫ్ ఆసిడ్ జాజ్’ వరుసలో ఇద్రీస్ ముహమ్మద్ తొలి రెండు ఆల్బమ్‌లను ఒకే సీడీలో ఇచ్చింది.