స్కాట్లాండ్‌లో ఎలక్ట్రిక్ బ్రే చూసేవాళ్ళకి చిన్న చిట్కా

గ్లాస్గో వైపు వచ్చినోళ్ళు అందరూ ఉత్తరాన కొండల ప్రాంతం హైలాండ్స్‌కే పోతారు గానీ, ఒక్క రోజే ఉంటే ఎయిర్ (Ayr) ఊరి నుంచి సముద్రం పక్కనే దక్షిణానికి పోయే ఏ719 రోడ్డు పట్టండి. ముందు డన్యూర్‌లో ఆగండి, పాడుబడ్డ కోట, 1570లో భూముల కోసం ఒక మఠాధిపతిని నిప్పుల మీద కాల్చి సంతకం పెట్టించుకుంది ఇక్కడే (పక్కనే తేనెపట్టు ఆకారంలో రాతి పావురాల గూడు ఉంటుంది, చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు). తర్వాత ఎలక్ట్రిక్ బ్రే, అంటే ఇదే రోడ్డు మీద కళ్ళని మోసం చేసే ఒక వాలు. బండి న్యూట్రల్‌లో పెట్టి బ్రేక్ వదిలితే మెల్లగా ఎత్తుకి ఎక్కుతున్నట్టే ఉంటుంది, నిజానికి దిగుతోంది, చుట్టూ నేల వాలు కళ్ళని మోసం చేస్తుంది అంతే, వాలు 86కి 1, అంటే 86 అడుగులు పోతే ఒక్క అడుగు దిగుతుంది. అది మామూలుగా బండ్లు తిరిగే రోడ్డే కాబట్టి ముందు పక్కన లేబైలో (బండ్లు ఆపుకునే చోట) ఆపి అక్కడి రాతి మీద రాసింది చదవండి, వెనక ఎవరూ రావట్లేదని చూసుకుని హజార్డ్ లైట్లు వేసి అప్పుడు ట్రై చేయండి. బాటిల్ నీళ్ళు రోడ్డు మీద పోసి చూసినా తెలుస్తుంది, పిల్లలకి అదే ఎక్కువ నచ్చుతుంది. చివర్లో కల్లేన్ (Culzean) కోట, స్పెల్లింగ్‌లో జెడ్ ఉంటుంది గానీ పలకరు. చలికాలంలో వెళ్తే లోపలికి రానిస్తున్నారో లేదో ముందే చూసుకోండి.