పాత కారులో పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించడం ఎలా?

పాత కారు డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో సిలిండర్‌కు స్పార్క్ పంచే పరికరం) మూత తీస్తే లోపల పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకునే చిన్న స్విచ్, కనిపిస్తాయి. అవి విడిపోయిన ప్రతిసారీ కాయిల్‌లో (స్పార్క్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజీ తయారుచేసే చుట్ట) కరెంటు తెగి స్పార్క్ పుడుతుంది. చాలా కార్లలో అవి విడిపోయినప్పటి సందు 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. క్యామ్‌కు (షాఫ్ట్ మీద పాయింట్లను తెరిచే గుబ్బలకు) రాసుకునే ముక్క అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడుతుంది. ఎలక్ట్రానిక్ కిట్‌లో రాసుకునేదేమీ లేదు. షాఫ్ట్‌తో తిరిగే అయస్కాంతపు రింగు, దాన్ని పసిగట్టే సెన్సర్, అంతే.

కొనేముందే మూడు చూసుకోండి. బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసింది? 1960ల మధ్య వరకూ చాలా బ్రిటిష్ కార్లలో ప్లస్సే ఎర్త్. దానికి మైనస్ ఎర్త్ కిట్ పెడితే సెన్సర్ కాలిపోతుంది. తర్వాత రోటర్ (మూత కింద షాఫ్ట్ మీద తిరిగే ముక్క) తీసి, షాఫ్ట్‌ను వేళ్లతో పక్కలకు ఊపండి. కదలిక తెలిస్తే ముందు షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్‌లు మార్చండి, కిట్ ఆ జబ్బును నయం చేయదు. చివరగా, వైర్లు విప్పి కాయిల్ ప్లస్, మైనస్‌ల మధ్య ఓమ్స్ కొలవండి. 3 దగ్గర ఉంటే నేరుగా 12 వోల్టులు తీసుకునేది, 1.5 దగ్గరైతే సాధారణంగా బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కు వెళ్లే వోల్టేజీ తగ్గించేది) నడిచేది. కిట్ కాగితంలో చెప్పిన కనీసం కన్నా తక్కువ వస్తే ఆ కాయిల్ వాడకండి.

ఇక పని. ఇంజిన్ తిప్పి రోటర్‌ను ఒకటో సిలిండర్ వైపు తెచ్చి గుర్తు పెట్టుకోండి. బ్యాటరీ విప్పండి. పాయింట్లు, వాటికి కలిపి ఉన్న కండెన్సర్ (చిన్న డబ్బా) తీసి, అవి బిగించి ఉన్న ప్లేటు మీది నూనె తుడిచి, సెన్సర్ బిగించండి. రింగును క్యామ్ మీద అడుగంటా నొక్కండి. పైకి నిలిస్తే రోటర్ మూతకు తగులుతుంది.

సెన్సర్ వైర్లకు కొంచెం వదులు ఉంచండి. ఇంజిన్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టాన్ని ఇంజిన్ వైపు విప్పి నోటితో పీల్చి చూడండి: ప్లేటు కదులుతుంది, వైరు ఎక్కడా బిగుసుకోకూడదు, రింగుకు రాసుకోకూడదు.

మైనస్ ఎర్త్ కార్లో సాధారణంగా ఎర్ర వైరు కాయిల్ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. బ్యాలస్ట్ ఉంటే చాలా కిట్లలో ఎర్రదాన్ని రెసిస్టర్‌కు ముందే కలపాలి. ఉత్త రాగి ప్లగ్ వైర్లు తీసేసి రెసిస్టెన్స్ ఉన్నవి వేయండి.

వాక్యూమ్ గొట్టం విప్పి దాని మూతి మూసి, మాన్యువల్ చెప్పిన వేగంలో టైమింగ్ లైట్‌తో (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే దీపం) సరిచూడండి. ఈ మెట్టు దాటేయకండి. ఇంజిన్ స్టార్టయిందంటే టైమింగ్ సరిగా ఉన్నట్టు కాదు.

ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయొద్దు. నా మొదటి సెన్సర్ అలాగే పోయింది. దారిలో కిట్ పోతే మళ్లీ బిగించుకోవడానికి, తీసిన పాయింట్లు, కండెన్సర్, ఒక స్క్రూడ్రైవర్ కలిపి డిక్కీలో పెట్టుకోండి.