కట్టెలు కోస్తుంటే చైన్ సా ఆగిపోతోందా? కార్బరేటర్ జోలికి పోకముందే ఇవి చూడండి

ఖాళీగా రేస్ ఇస్తే మిషన్ బాగానే అరుస్తుంది. ఎండిన తుమ్మ దుంగకు ఆనించగానే గొంతు పడిపోయి ఆగిపోతుంది. వెంటనే స్క్రూడ్రైవర్ తీసి కార్బరేటర్ తిప్పేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చివరికి ఉంచండి. చాలాసార్లు లోపం చైన్‌లోనే దొరుకుతుంది.

ముందుగా ఇంజన్ ఆపి, చల్లారాక ప్లగ్ క్యాప్ ఊడదీసి, గ్లోవ్స్ వేసుకోండి.

1. కోత కింద రాలిన పొట్టు చేతిలోకి తీసుకోండి. పదునున్న చైన్ చిన్న పేళ్లు రాలుస్తుంది. పిండిలా మెత్తగా ఉంటే పన్ను మొద్దుబారినట్టే. దుంగకు అంటిన మట్టిలో ఒక్కసారి దిగినా చాలు, పదును పోతుంది. గుండ్రటి ఆకురాయితో పన్ను లోపలి నుంచి బయటికి, ఒకే దిశలో రాయండి. .325 పిచ్ (రివెట్ల మధ్య దూరాన్ని బట్టి అంగుళాల్లో చెప్పే సైజు) చైన్‌కు సాధారణంగా 4.8 మి.మీ. ఆకురాయి, లో ప్రొఫైల్ 3/8 చైన్‌కు 4 మి.మీ. సరిపోతుంది. అన్ని పళ్లకూ లెక్కగా అన్నే రాతలు పడాలి.

ప్రతి పన్ను ముందూ ఒక బుడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది అదే. చాలా చైన్లలో అది పన్ను కొన కంటే 0.65 మి.మీ. కిందికి ఉండాలి. త్వరగా కోయాలని దాన్ని ఎక్కువ అరగదీస్తే పన్ను లోతుగా కరిచి, చైన్ కొత్తదైనా ఇంజన్ ఆగిపోతుంది. గేజ్ పెట్టి కొలవకుండా దాన్ని రాయకండి.

2. చైన్ బ్రేక్ వదిలి చైన్‌ను చేత్తో లాగండి. వేలాడకూడదు, బిర్రుగానూ ఉండకూడదు. బార్‌కు (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఆయిల్ అందుతోందా అన్నది తర్వాత ఇంజన్ నడిపి చూడాలి. బార్ కొనను తెల్లటి చెక్క మీదికి, తగలకుండా పట్టి రేస్ ఇస్తే నూనె గీత పడాలి.

3. దుంగ కింద ఆనుడు లేకపోతే కోత మూసుకుని బార్‌ను నొక్కేస్తుంది. అప్పుడు ఏ మిషనైనా ఆగుతుంది. ఫుల్ రేస్ ఇచ్చాకే దుంగకు ఆనించండి, మీ బరువు మోపకండి.

4. ఎయిర్ ఫిల్టర్ దులపండి. సైలెన్సర్ జాలీకి మసి పట్టి ఉంటే తీసి శుభ్రం చేయండి.

5. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. ఆయిల్ కలిపి నెల దాటిన పెట్రోలు వాడకండి. 50:1 అంటే లీటరుకు 20 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్, 25:1 అంటే 40 మి.లీ. మీ మిషన్‌కు ఏది కావాలో దాని పుస్తకంలో ఉంటుంది. కాసేపు బాగా నడిచి ఆగుతుంటే, చల్లారాక ట్యాంకు మూత తీయండి. గాలి లోపలికి పీల్చిన చప్పుడు వచ్చి మళ్లీ మామూలుగా నడిస్తే గాలి రంధ్రం మూసుకుపోయింది. ట్యాంకులోని ఫిల్టర్ కూడా మార్చండి, ఖర్చు తక్కువే.

6. ఇవన్నీ సరిగా ఉన్నా పడిపోతుంటేనే కార్బరేటర్. హెచ్ స్క్రూ (ఫుల్ రేస్‌లో పెట్రోలు ఎంత వెళ్లాలో సెట్ చేసేది) ఎక్కువ బిగిస్తే శబ్దం హుషారుగా వస్తుంది కానీ పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. టాకోమీటర్ (ఇంజన్ వేగం కొలిచే మీటర్) ఉన్న మెకానిక్ దగ్గరే సెట్ చేయించండి.