ముందస్తు ప్రకటన రాయడం – 4వ పాఠం: అర్ధరాత్రి దాటిన వేళ

గత పాఠంలో తుపాను ముందస్తు ప్రకటన రాయమన్న అభ్యాసానికి ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు నుంచి వచ్చిన సమాధానాలు చూశాక, ఈసారి చెప్పవలసిన గ్రామసభ నోటీసును వాయిదా వేయక తప్పలేదు. ఎవరు, ఎవరికి, ఎందుకు అన్నవి అందరూ సరిగానే రాశారు కనుక వాటి జోలికి పోను. చిక్కంతా వేళ దగ్గర వచ్చింది.

"రేపు రాత్రి రెండు గంటలకు తుపాను తీరం దాటుతుంది" అని చాలామంది రాశారు. "రేపు" అన్నది టముకు వేసేవారి నోట చెల్లుతుంది కాని, గోడకు అంటించిన కాగితం మీద ఒక్క పూటలో అబద్ధమైపోతుంది. అంతకన్నా నాకు ఒళ్లు మండించేది "రాత్రి రెండు గంటలు". మన ఇళ్లలో తెల్లవారితే గాని రోజు మారదు. వాతావరణ శాఖ ప్రకటనలో, రైలు టికెట్టులో అర్ధరాత్రికే తేదీ మారిపోతుంది. 12వ తేదీ 00.20 బండికి 12 రాత్రి భోంచేసి స్టేషనుకు వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు. బండి పోతే ఇంకొకటి దొరుకుతుంది, తుపానుతో అలా కుదరదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. దాన్ని "11వ తేదీ రాత్రి" అని ప్రకటిస్తే, విన్నవారు ఇంకా ఒక పగలు చేతిలో ఉందనుకుని 10వ తేదీ రాత్రి ఇంట్లోనే పడుకుంటారు.

దీనికి మందు మన శుభలేఖల్లోనే ఉంది: "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం". ప్రకటనలో కూడా నేను ఇలాగే రాస్తాను: "10వ తేదీ బుధవారం రాత్రి, తెల్లవారితే 11వ తేదీ గురువారం, తుపాను తీరం దాటవచ్చు. 10వ తేదీ బుధవారం పొద్దుగూకకముందే తుపాను ఆశ్రయానికి చేరండి." గాలి వచ్చే వేళ కంటే మనిషి కదలవలసిన గడువే ముఖ్యం కనుక, చోటు చాలకపోతే మొదటి వాక్యాన్నే కుదించండి.

వాతావరణ శాఖ తీరప్రాంతానికి కనీసం 48 గంటల ముందు తుపాను అప్రమత్తతను, 24 గంటల ముందు హెచ్చరికను జారీ చేస్తుంది. అభ్యాసంగా, తిత్లీనే తీసుకుని ఆ రెండు దశలకూ వేర్వేరు ప్రకటనలు రాయండి. ఒడియా బడిలో చదివి తెలుగు అక్షరాలు రాని మన పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వారిలో ఒకరికి రెండూ ఒక్కసారే చదివి వినిపించి, ఇల్లు ఎప్పుడు వదలాలో అడగండి. జవాబు తడబడితే ప్రకటనను మొదటినుంచి తిరగరాయండి.