ఆవకాయ సీజన్‌కు ముందే సైట్ సర్దుకోండి: ఏది అక్షరాల్లో, ఏది ఫొటోలో, ఏది వీడియోలో

మార్చి నెలాఖరుకు పుల్లమామిడి మార్కెట్లోకి దిగుతుంది. అక్కణ్నుంచి తొలకరి పడేదాకా పచ్చళ్ల వ్యాపారికి ఊపిరి సలపదు. కాయ కొట్టించాలి, కారం ఆడించాలి, డబ్బాలు కట్టించాలి. ఆ హడావుడిలో వెబ్‌సైట్ ముట్టుకునే తీరిక ఎవరికి ఉంటుంది? అందులో తప్పుంటే సీజనంతా తప్పుగానే నడుస్తుంది. అందుకే ఈ పని ఫిబ్రవరిలోనే తెమల్చుకోవాలి.

చిన్న పచ్చళ్ల సైట్లు తెరిస్తే సమాచారం అంతా ఉన్నట్టే కనిపిస్తుంది. ధరలు ఒక పోస్టర్‌లో ఉంటాయి, కొరియర్ చార్జీలు వీడియోలో ఎవరో చెబుతుంటారు, దినుసులు డబ్బా మీది లేబుల్ ఫొటోలో ఉంటాయి. కొనేవాడికి మాత్రం ఏదీ చేతికందదు. చివరికి ఫోన్ చేసి అడుగుతాడు, లేదా పక్క సైట్‌కి పోతాడు. నా లెక్క ఒకటే: డబ్బుతో ముడిపడినదీ, రేపు మారే వీలున్నదీ ఏదైనా సరే, పేజీ మీద అక్షరాల్లో ఉండాలి. ఫొటో, వీడియో దానికి తోడు.

ధరల పోస్టర్

అందరూ ముందు చేయించేది ఇదే. పైన మామిడికాయల బొమ్మ, కింద ఆవకాయ, మాగాయ, బెల్లం ఆవకాయ, పెసర ఆవకాయ, పక్కన అరకిలో, కిలో ధరలు. వాట్సాప్ స్టేటస్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది, ఎలాగూ 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి గొడవ లేదు. అదే బొమ్మను సైట్‌లో ధరల పేజీగా పెట్టేస్తేనే తంటా. ఫోన్లో వేళ్లతో పెద్దది చేసుకుంటే తప్ప అంకె కనపడదు. చూపు లేనివాళ్ల ఫోన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అందులో ధరలు దొరక్కపోవచ్చు. ఎవరైనా గూగుల్‌లో బెల్లం ఆవకాయ అని వెతికితే, బొమ్మలోని అక్షరాలను నమ్ముకుని మీ పేజీ పైకి వస్తుందని ఆశపడకండి. ఇక నూనె ధర పెరిగి మీరూ కిలోకి కొంత పెంచితే, డిజైనర్ దొరికేదాకా పాత ధరే నడుస్తుంది.

ఒక్కో పచ్చడికి ఒక్కో పేజీ పెట్టండి. పేరు తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయండి. మనవాళ్లలో చాలామంది ఫోన్లో టైపు చేసేది అలాగే. పీడీఎఫ్ కేటలాగు టోకున కొనే దుకాణాల వాళ్లకు పంపడానికి బాగుంటుంది, అదీ మీద తేదీ వేసి. మామూలు కొనుగోలుదారుడికి దాన్ని చూపించకండి.

డీటీపీ నుంచి తెచ్చిన తెలుగు

లేబుళ్లు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇంకా ‘అను’ అనే పాతతరం తెలుగు ఫాంట్లలోనే కొడతారు. అది అచ్చుకు బాగానే ఉంటుంది. ఆ మేటర్‌ను కాపీ చేసి సైట్‌లో పెడితే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలగాపులగంగా వస్తాయి. అప్పుడు డీటీపీ వాళ్లు ఇచ్చే సులువైన సలహా: బొమ్మగా మార్చి పెట్టేయండి. అక్కడే మళ్లీ పోస్టర్ కథ మొదలవుతుంది. ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమని అడగండి. మార్చాక ఒత్తులు, పొల్లులు సరిగ్గా పడ్డాయో లేదో మీరే కూర్చుని చదువుకోండి. లేదంటే ఫోన్లోనే నోటితో చెప్పి టైపు చేయించుకున్నా పనవుతుంది.

దినుసులు, బరువు, లైసెన్సు

ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు. ఆవకాయలో ఆవపిండి ఉంటుంది, నువ్వుల నూనె ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లోనూ, బ్రిటన్‌లోనూ లేబుల్ మీద తప్పక చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలు, నువ్వులు రెండూ ఉన్నాయి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం. లండన్‌లో ఉన్న మనవరాలి కోసం తాతగారు ఆర్డర్ పెడతారు, ఆ పిల్లకి ఆవాలు పడవని ఆయనకు తెలియకపోవచ్చు. మసక లేబుల్ ఫొటో వల్ల ఆ ఇంటికి ఉపయోగం లేదు. దినుసులన్నీ వరసగా, రెండు భాషల్లో, అక్షరాల్లో రాయండి.

వాటి పక్కనే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారుచేసేవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే అధికారి పేరు, ఫోను నంబరు కూడా సైట్‌లో కనపడాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీ దుకాణంలో ఆ అధికారి మీ తమ్ముడే కావచ్చు, ఫర్వాలేదు, పేరు పెట్టండి.

ఫొటో ఎక్కడ నిజంగా పనికొస్తుంది

ముక్క సైజు, నూనె తేట, రంగు మాటల్లో చెప్పలేం. పచ్చడిని తెల్ల పింగాణీ గిన్నెలో వేసి, కిటికీ వెలుతురులో, పక్కన చెంచా పెట్టి తీయండి. చెంచా ఉంటేనే ముక్క ఎంతుందో తెలుస్తుంది. అరకిలో డబ్బానూ కిలో డబ్బానూ పక్కపక్కన పెట్టి ఇంకొకటి తీయండి. ఎరుపు పెంచే ఫిల్టర్లు వద్దు. డబ్బా తెరిచాక రంగు వేరుగా కనిపిస్తే అది మీ పచ్చడి కాదనే అనుకుంటారు. వేరేవాళ్ల ఫొటో దించుకుని వాడటం ఎలాగూ తప్పే.

ఐఫోన్లో తీసినది హెచ్ఈఐసీ రూపంలో ఉంటే చాలా బ్రౌజర్లలో తెరుచుకోదు, జేపెగ్‌గానో వెబ్‌పీగానో మార్చాలి. ఫోన్ ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. దాన్ని 200 కేబీ లోపుకి తగ్గించాకే ఎక్కించండి. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడటం గూగుల్ పెట్టిన కొలత, బరువైన ఫొటోలతో దాన్ని అందుకోలేరు.

వీడియోలో అంకెలు చెప్పకండి

జాడీలో ఆవకాయ కలిపే దృశ్యం, నూనె కారకుండా మూత బిగించి డబ్బాలో సర్దే తీరు వీడియోకి తగినవి. నిమిషం లోపు చాలు. దానంతటదే మోత మోగుతూ మొదలవకూడదు. ఆఫీసులో శబ్దం ఆపేసి చూసేవాళ్ల కోసం కింద అక్షరాలు వేయండి. మీ సర్వర్ మీద కాకుండా యూట్యూబ్‌లో పెట్టి పేజీలో చూపిస్తే బరువు తగ్గుతుంది.

ధర, చేరే రోజు, కొరియర్ చార్జీ మాత్రం నోటితో చెప్పించకండి. యూట్యూబ్‌లో ఎక్కించిన వీడియోని కత్తిరించవచ్చు గానీ, అదే లింకు మీద కొత్తది పెట్టలేరు. 2025లో ఏమైందో చూడండి. 800 డాలర్ల లోపు సరుకుకు అమెరికా ఇచ్చే సుంకం మినహాయింపు ఆగస్టు 29తో ఆగింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అక్కడికి చాలా రకాల పార్శిళ్లు తీసుకోవడం ఆపేసి, అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. అమెరికాకు ఇంతకే పంపుతాం అని వీడియోలో చెప్పినవాళ్లు ఆ వీడియోనే తీసేయాలి, పేజీలో రాసుకున్నవాళ్లకు ఒక్క వాక్యం మారిస్తే సరిపోతుంది. విదేశీ చార్జీల పేజీ మీద ఏ తేదీ నాటి ధరలో కూడా వేయండి.

వ్యాసాలు రాయమంటారు

సైట్ చేసేవాళ్లు ఆవకాయ చరిత్ర మీద ఇరవై వ్యాసాలు పెట్టాలంటారు. ఇప్పుడు ఏఐతో గంటలో వచ్చేస్తాయి కాబట్టి మరీను. వాటి జోలికి పోకండి. పోయినేడు ఫోన్లో ఎవరెవరు ఏమడిగారో ప్యాకింగ్ చేసే ఆవిణ్ని అడగండి: నూనె పైకి తేలలేదేం, ఫ్రిజ్‌లో పెట్టాలా, బూజు ఎందుకు వచ్చింది, కారం తగ్గించి పంపుతారా. ఒక్కోదానికి నాలుగు వాక్యాల జవాబు రాస్తే అదే మంచి పేజీ. తడి చెంచా పెట్టవద్దన్న మాట ఆ పేజీలోనూ డబ్బా మూత మీదా రెండు చోట్లా ఉంటే ఇంకా మంచిది. షుగరు తగ్గుతుంది, అరుగుదలకు దివ్యౌషధం లాంటి మాటలు మాత్రం ఎక్కడా రాయవద్దు.

ఆర్డర్లు తెరిచే ముందు

తక్కువ ఖరీదు ఫోన్ ఒకటి తీసుకుని, వైఫై ఆపి, సైట్ తెరవండి. మీ పిన్నిగారికో మేనత్తకో ఇచ్చి, ఏమీ చెప్పకుండా అరకిలో మాగాయ ఆర్డర్ పెట్టమనండి. ఆవిడ ఎక్కడ ఆగి మీ మొహం వంక చూస్తే అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట.

సీజన్ మధ్యలో ఏదైనా అయిపోతే ఆ పేజీని తీసేయకండి. ధర ఉన్నచోట ‘ఈ ఏటికి అయిపోయింది, మళ్లీ ఏప్రిల్‌లో’ అని మార్చండి. పేజీ చిరునామాలో సంవత్సరం పెట్టకుండా ఉంటే, వచ్చే ఏడు అదే లింకుతో మళ్లీ అమ్ముకోవచ్చు.